గాలం కబుర్లు: డబ్బా నిండా లూర్లు, చేప మాత్రం లేదు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా బాస్ చేప (లూర్లతో, అంటే కృత్రిమ ఎరలతో పట్టే మంచినీటి వేట చేప) గురించే ఉన్నాయి, అందుకే మిగతా చేపల్ని వచ్చే సంచికకి తోసేసి దీన్నే పట్టుకున్నా. కొన్ని ఉత్తరాల్ని బాగా కుదించాల్సి వచ్చింది, ఏమనుకోకండి.

ప్రశ్న: అన్నా, బాస్ ఫిషింగ్ మొదలుపెట్టి మూడు నెలలైంది. వీడియోలు చూసి చూసి ఒక స్పిన్నింగ్ రాడ్, డబ్బా నిండా క్రాంక్‌బైట్లు (ముందు పెదవి ఉన్న చేప బొమ్మలు), స్పిన్నర్‌బైట్లు (రేకు గిరగిరా తిరిగేవి), ఫ్రాగ్‌లు (కప్ప బొమ్మలు), ఇలా అన్ని రకాల లూర్లూ కొనేశా. ఇప్పటిదాకా పడ్డవి రెండంటే రెండు, అవి కూడా అరచెయ్యంత. రాడ్ మీద మీడియం, ఫాస్ట్ అని ఉంది, దాని అర్థం కూడా సరిగ్గా తెలీదు. ఇంకో రాడ్ కొనాలా? ఏ లూర్ వాడితే చేప గ్యారంటీగా పడుతుంది?

జవాబు: గ్యారంటీ అనే మాట చేపల దగ్గర ఎత్తొద్దు తమ్ముడూ, అవి మన మాట వినవు. రాడ్ మాత్రం కొనక్కర్లేదు, నీ దగ్గరున్నదే ఫస్ట్ రాడ్‌గా ఎవరైనా కొనమని చెప్పేది.

మీడియం అనేది పవర్, అంటే రాడ్‌ని వంచడానికి ఎంత బలం కావాలో చెప్పేది. ఫాస్ట్ అనేది యాక్షన్, అంటే రాడ్ ఎక్కడ వంగుతుందో చెప్పేది. ఫాస్ట్ అయితే కొసన ఉన్న కొంచెం భాగమే వంగుతుంది, మోడరేట్ అయితే మధ్య దాకా వంగుతుంది. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు, కానీ గట్టి రాడ్ కూడా మోడరేట్ యాక్షన్‌లో ఉంటుంది, మెత్తటి రాడ్ ఫాస్ట్‌లోనూ ఉంటుంది. హ్యాండిల్‌కి కొంచెం పైన ఎన్ని ఔన్సుల లూర్‌కి, ఎన్ని పౌండ్ల (అంటే ఎంత బరువు తట్టుకునే) లైన్‌కి ఆ రాడ్ పనికొస్తుందో చిన్న అక్షరాల్లో రాసుంటుంది, రాడ్ ఖరీదు కన్నా ఆ రాత చదవడం ముఖ్యం. 1/4 నుంచి 5/8 ఔన్సు అని రాసున్న రాడ్‌తో ఔన్సున్నర లూర్ విసిరితే రాడ్ విరగొచ్చు, 1/16 ఔన్సు విసిరితే లూర్ నీ కాళ్ల దగ్గరే పడుతుంది. ఏడడుగుల మీడియం ఫాస్ట్ స్పిన్నింగ్ రాడ్, 2500 గానీ 3000 గానీ సైజు రీల్ ఉంటే బాస్‌లో ముప్పాతిక పనులు జరిగిపోతాయి.

ఇక ఆ డబ్బా సంగతి. ఒక నెల పాటు దాన్ని ఇంట్లోనే వదిలెయ్. జేబులో పట్టేంత సామానే తీసుకెళ్లు, అంటే అయిదంగుళాల స్టిక్ వార్మ్‌లు (మెత్తటి ప్లాస్టిక్ వానపాములు) ఒక ప్యాకెట్ (పచ్చగుమ్మడి రంగు, ప్యాకెట్ మీద గ్రీన్ పంప్కిన్ అని ఉంటుంది), 3/0 సైజు వైడ్ గ్యాప్ (మొనకీ కాడకీ మధ్య సందు వెడల్పుగా ఉన్న) ఆఫ్‌సెట్ హుక్కులు అయిదారు, 1/8 ఔన్సు, 1/4 ఔన్సు బుల్లెట్ వెయిట్‌లు కొన్ని. వీటితో టెక్సాస్ రిగ్ కడతావు (రిగ్ అంటే హుక్కూ వెయిటూ లూరూ కలిపి కట్టే పద్ధతి). ముందు వెయిట్‌ని లైన్‌లోకి ఎక్కించు, మొన ఉన్న వైపు రాడ్ కొసకేసి ఉండాలి, తర్వాత హుక్ కట్టు. వార్మ్ తలలోంచి పావంగుళం లోపలికి గుచ్చి బయటికి తీసి, హుక్‌ని దాని కన్ను (లైన్ కట్టే రంధ్రం) దాకా లాగి తిప్పి, మొనని మళ్లీ వార్మ్ ఒంట్లోకి దించు. వార్మ్ నిటారుగా వేలాడాలి. వంకరగా ఉంటే నీళ్లలో గిరగిరా తిరిగి లైన్ అంతా మెలిపెట్టేస్తుంది, సహజంగా కూడా కనపడదు, ఆ ఒక్కటి సరిచేసుకోకపోతే మిగతావన్నీ దండగ. మొన లోపల దాగుంటుంది కాబట్టి నాచులోకి, కొమ్మల్లోకి విసిరినా పెద్దగా చిక్కుకోదు, నీ క్రాంక్‌బైట్లు అక్కడికి వెళ్తే తిరిగి రావు.

విసిరాక ఏం చేయాలన్నదే అసలు విషయం. లూర్ నీళ్లలో పడగానే లాగడం మొదలుపెట్టకు, కాస్త వదులు ఇచ్చి అడుగుకి దిగనివ్వు, దిగేటప్పుడు లైన్‌నే చూస్తూ ఉండు, ఎందుకంటే చాలా బైట్లు (అంటే చేప లూర్‌ని పట్టుకోవడం) దిగేటప్పుడే వస్తాయి. అడుగు తగిలాక రాడ్‌ని పది గంటల స్థానం దాకా మెల్లగా ఎత్తు, మళ్లీ దించు, వదులైన లైన్ చుట్టుకో, ఆగు. ఈ ఆగడమే ఎవరికీ చేతకాదు, నాకూ చేతకాలేదు, మొదటి ఏడాదంతా లూర్‌ని బస్ మిస్సవుతున్నట్టు లాక్కొచ్చేవాణ్ణి. ఇలా నెల రోజులు చేస్తే అడుగున బురదా, గులకరాళ్లా, కర్రా, నాచా అనేది నీ చేతికే తెలిసిపోతుంది, రాయి టకటకమంటుంది, కర్ర మీద ఎక్కి జారినట్టు ఉంటుంది, నాచు సాగి సాగి వదులుతుంది, బురద అసలేమీ చెప్పదు. ఒకదాని నుంచి ఇంకోదానికి మారే చోట, అంటే గులక అయిపోయి నాచు మొదలయ్యే గీత దగ్గర, ఒంటరిగా పడున్న దుంగ పక్కన, డాక్ (పడవలు కట్టే చెక్క వేదిక) నీడ అంచున బాస్ కాచుకుని ఉంటుంది. అది ఎక్కువగా వెంటాడి వేటాడే రకం కాదు, పొంచి ఉండి పట్టే రకం, కాబట్టి లూర్ దాని ముందు నుంచి వెళ్లాలి. నీకు రెండే చేపలు పడటానికి కారణం లూర్ కాదు, చేప లేని చోట విసరడం.

ప్రశ్న: నమస్తే సార్. నాకు స్పిన్నింగ్ బాగా వచ్చు, ఈమధ్య బెయిట్‌కాస్టర్ (విసిరేటప్పుడు లైన్ చుట్టిన స్పూల్ కూడా తిరిగే రీల్) కొన్నాను. ప్రతి మూడో కాస్ట్‌కి పిచ్చుకగూడే, అంటే లైన్ చిక్కుపడిపోవడమే. మా వారు పక్కనే కూర్చుని నవ్వుతున్నారు, ఆయనకి కూడా రాదు, అది వేరే సంగతి. తిరిగి స్పిన్నింగ్‌కే వెళ్లిపోనా?

జవాబు: వెళ్లకండమ్మా, ఇంకో నాలుగు సాయంత్రాలు ఓపిక పట్టండి. లైన్ బయటికి వెళ్లే వేగం కన్నా స్పూల్ తిరిగే వేగం ఎక్కువైనప్పుడు గూడు కడుతుంది, అంతే తప్ప అందులో మాయ ఏం లేదు. అది ఎక్కువగా రెండు చోట్ల జరుగుతుంది, విసిరిన మొదటి క్షణంలో ఒకసారి, లూర్ నీళ్లని తాకి ఆగినా స్పూల్ ఆగనప్పుడు ఇంకోసారి.

ముందు హ్యాండిల్ ఉన్న వైపు చిన్న గుండ్రటి మర ఉంటుంది కదా, అది స్పూల్ టెన్షన్. లూర్‌ని రాడ్ కొసకి అర అడుగు కింద వేలాడదీసి బటన్ నొక్కితే లూర్ మెల్లగా దిగాలి, నేలని తాకగానే స్పూల్ ఆగిపోవాలి. ఆగట్లేదంటే ఇంకాస్త బిగించండి. లూర్ మార్చిన ప్రతిసారీ ఇది చూసుకోవాలి, ఎవరూ చూసుకోరు. ఇంకో వైపు ఉండేది బ్రేక్, అయస్కాంతంతో పనిచేసేది కావచ్చు, లోపల చిన్న పిన్నులతో సెంట్రిఫ్యూగల్ కావచ్చు, ఏదైనా ముందు ఫుల్‌లో పెట్టి మొదలుపెట్టండి. దూరం తక్కువ పోతుంది, పోనివ్వండి, చెయ్యి కుదిరే కొద్దీ ఒక్కో అంకె తగ్గించుకోవచ్చు.

నేర్చుకునేటప్పుడు అర ఔన్సు లూర్ వాడండి, తేలికవి వద్దు. లైన్ 12 లేదా 14 పౌండ్ల మోనో (ఒకే పోగు నైలాన్) వేయండి, ఖరీదైన ఫ్లోరోకార్బన్ లైన్ మీద నేర్చుకోవడం అంటే పట్టుచీర కట్టుకుని పొలంలో దిగడమే. గాలికి ఎదురుగా విసరొద్దు. విసిరేటప్పుడు కొరడా ఝుళిపించినట్టు కాకుండా బరువు రాడ్‌ని వంచేలా నిదానంగా విసరండి, బొటనవేలు ఈకలా స్పూల్ మీద ఆనించి ఉంచండి, లూర్ నీళ్లని తాకడానికి రెప్పపాటు ముందు గట్టిగా నొక్కండి. ఆ రెప్పపాటు ఎప్పుడో పుస్తకం చదివితే రాదు, ఇంటి ముందు ఖాళీ జాగాలో హుక్కు లేని బరువు కట్టి విసురుతూ ఉంటే వేలికే తెలుస్తుంది.

ఇంకో చిట్కా, ఇది చెప్పినందుకు మీ వారు కూడా థ్యాంక్స్ చెప్తారు. మీరు విసరగలిగినంత దూరం విసిరి, ఇంకో కొన్ని గజాలు చేత్తో లాగి, అక్కడ స్పూల్ మీద చిన్న టేపు ముక్క అంటించి మళ్లీ చుట్టేయండి. ఎంత పెద్ద గూడు కట్టినా ఆ టేపు దాటి లోపలికి పోదు. గూడు కట్టాక గోళ్లతో పీకొద్దు, బొటనవేలితో స్పూల్‌ని గట్టిగా నొక్కి పట్టి హ్యాండిల్ రెండు మూడు చుట్లు తిప్పి, వేలు తీసి లైన్ లాగితే చాలాసార్లు దానంతట అదే విడిపోతుంది.

అయినా తేలిక లూర్లకి స్పిన్నింగే మంచిది, రెండూ ఉంచుకోండి. బరువున్నవి, మందమైన లైన్ కావలసినవి బెయిట్‌కాస్టర్‌తో, డ్రాప్ షాట్ (బరువు కింద, హుక్ పైన కట్టేది), నెడ్ రిగ్ (తలకి చిన్న బరువున్న హుక్కుకి చిన్న వార్మ్) లాంటి సన్నపనులు స్పిన్నింగ్‌తో.

ప్రశ్న: లైన్లలో మోనో, ఫ్లోరో (ఫ్లోరోకార్బన్), బ్రెయిడ్ (అల్లిన దారం), ఈ మూడింట్లో ఏది బెస్ట్? ఒక్కటే చెప్పండి ప్లీజ్.

జవాబు: ఒక్కటే చెప్తే అబద్ధం చెప్పినట్టే. మోనో సాగుతుంది, ఆ సాగుడు టాప్‌వాటర్‌కీ (నీళ్ల పైన ఆడించే లూర్లు), క్రాంక్‌బైట్‌కీ వరం, లోతులో టెక్సాస్ రిగ్‌కి శాపం. ఫ్లోరో మునుగుతుంది, రాళ్లకి రాసుకున్నా త్వరగా చిరగదు, నీళ్లలో తక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే దాని వక్రీభవన సూచిక 1.42, నీటిది 1.33, నైలాన్‌ది అంతకన్నా దూరంగా ఉంటుంది. మునిగే లైన్ కాబట్టి తేలే పాపర్ లూర్‌కి ఫ్లోరో కడితే దాని ముక్కు కిందకి లాగేస్తుంది. బ్రెయిడ్ అసలు సాగదు, సన్నగా ఉంటుంది, 30 పౌండ్ల బ్రెయిడ్ దాదాపు 8 పౌండ్ల మోనో అంత మందమే. కానీ తేట నీళ్లలో తాడులా కనపడుతుంది, నున్నటి స్పూల్ మీద జారిపోతుంది, కింద కాస్త మోనో చుట్టి దాని మీద వేయాలి.

నా స్పిన్నింగ్ రీల్ మీద 10 పౌండ్ల బ్రెయిడ్, దానికి ఏడెనిమిది అడుగుల 8 పౌండ్ల ఫ్లోరో లీడర్ (చివర కట్టే లైన్ ముక్క), మధ్యలో డబుల్ యూనీ ముడి. ఈ ఒక్క ఏర్పాటుతో చాలా పనులు గట్టెక్కుతాయి. హుక్‌కి పాలోమార్ ముడి వేసుకోండి, బిగించే ముందు ఉమ్మితో తడపండి, పొడిగా బిగిస్తే రాపిడి వేడికి లైన్ అక్కడే బలహీనపడి మంచి చేప పడ్డ రోజే తెగుతుంది. ఎందుకో ఎప్పుడూ మంచి చేప పడ్డ రోజే.

ప్రశ్న: లూర్ రంగుల్లో ఏది ముఖ్యం? మా ఫ్రెండ్ నలుపు-నీలం అంటాడు, నేను నలుపు చాలంటాను. రోజూ గొడవ.

జవాబు: గొడవ ఆపేయండి. లార్జ్‌మౌత్ బాస్ కంట్లో రంగు చూసే కణాలు రెండు రకాలే, ఒకటి ఎరుపు వైపుకి, ఒకటి ఆకుపచ్చ వైపుకి, నీలానికి వేరేగా లేదు. నలుపూ ముదురు నీలమూ దానికి ఇంచుమించు ఒకేలా కనపడతాయి, అంటే మీరిద్దరూ ఒకే లూర్ గురించి కొట్టుకుంటున్నారు. తేట నీళ్లకి ఆకుపచ్చ, గోధుమ రంగులు, బురద నీళ్లకి ముదురువి, బాస్ చిన్న చేపల్ని తరుముతుంటే తెలుపు. ఇక్కడితో ఆపి, లోతూ వేగమూ ఆలోచించండి.

ప్రశ్న: బైట్ తెలుస్తుంది, లాగుతా, చేప ఉండదు. పోయిన ఆదివారం తామరాకుల మీద ఫ్రాగ్ వేస్తే ఆరుసార్లు నీళ్లు పేలేలా చేప కొట్టింది, ఒక్కటీ ఎక్కలేదు. వార్మ్‌తో కూడా అంతే. హుక్కులు మార్చాలా, రాడ్ మార్చాలా, నన్ను నేను మార్చుకోవాలా?

జవాబు: మూడోదానితో మొదలుపెడదాం.

ఫ్రాగ్ దగ్గర తప్పు కంగారు. నీళ్లు భళ్లున పేలగానే చెయ్యి దానంతట అదే లేస్తుంది, అప్పటికి చేప ఫ్రాగ్‌ని సరిగ్గా నోట్లో పెట్టుకునే ఉండదు. మొదట్లో నేనూ ఇలాగే లాగితే ఫ్రాగ్ గాల్లోంచి ఎగిరొచ్చి నా నుదుటికి తగిలింది, కళ్లజోడు లేకపోతే ఏమయ్యేదో, మీరు మాత్రం జోడు లేకుండా వెళ్లకండి. పేలుడు చూసి కాదు, బరువు తగిలాక లాగాలి. పేలగానే రాడ్ దించి, మనసులో ఒకటి, రెండు అనుకుని, వదులు చుట్టి, అప్పుడు బలంగా కొట్టండి. ఇక్కడ మెత్తటి రాడ్ పనికిరాదు, హెవీ పవర్ రాడ్, 50 నుంచి 65 పౌండ్ల బ్రెయిడ్ కావాలి, ఎందుకంటే చేపతో పాటు బుట్టెడు నాచుని కూడా లాగాలి. మీడియం రాడ్‌తో ఫ్రాగ్ వేస్తున్నారేమోనని నా అనుమానం. ఇంకోటి, కొత్త ఫ్రాగ్ ఒళ్లు గట్టిగా ఉంటే చేత్తో నాలుగుసార్లు పిసకండి, నొక్కినప్పుడు హుక్ మొనలు బయటపడాలి, పడకపోతే చేప నోట్లోనూ పడవు.

వార్మ్ వేరే కథ. అక్కడ బైట్ అంటే ప్రతిసారీ టక్‌మని కొట్టదు. ఒక్కోసారి లైన్ పక్కకి నడుస్తుంది, ఒక్కోసారి అడుగున ఉండాల్సిన బరువు మాయమైపోయినట్టు ఉంటుంది, ఒక్కోసారి తడిగుడ్డ తగిలినట్టు ఉంటుంది. అనుమానం వస్తే కొట్టండి, హుక్‌సెట్‌కి (రాడ్ కొట్టి హుక్ గుచ్చడానికి) డబ్బులేం కట్టక్కర్లేదు కదా. కానీ లైన్ వదులుగా ఉండగా కొడితే ఆ ఊపంతా వదుల్లోనే పోతుంది, ముందు రాడ్ దించి లైన్ బిగిసేదాకా చుట్టి అప్పుడు పైకి కొట్టాలి. చిన్న చేపలు తోక పట్టుకుని లాగుతున్నా ఇలాగే టకటకలాడుతుంది, తీసి చూస్తే తోక కొరికి ఉంటుంది, అప్పుడు మీ తప్పేం లేదు.

క్రాంక్‌బైట్ అయితే పూర్తిగా ఉల్టా. దానికున్నవి సన్నటి మూడు మొనల హుక్కులు, చేప తనంతట తానే గుచ్చుకుంటుంది, మీరు ఝాడించి కొడితే నోరు చిరిగి వదిలేస్తుంది. బరువు తగిలాక చుట్టడం ఆపకుండా రాడ్‌ని పక్కకి వాల్చండి చాలు. దీనికి మోడరేట్ యాక్షన్ రాడ్ అంటారే, అది ఇందుకే, చేప తల విదిలించినప్పుడు రాడ్ వంగి ఇస్తుంది, హుక్ ఊడదు. డ్రాప్ షాట్‌కి కూడా కొట్టుడు వద్దు, సన్న హుక్, మెల్లగా చుట్టి ఒత్తిడి పెంచండి.

హుక్కు పదును కూడా ఒకసారి చూడండి. మొనని బొటనవేలి గోరు మీద తేలిగ్గా లాగితే తట్టుకుని ఆగాలి, జారిపోతే అది మొద్దు, మార్చేయండి.

ప్రశ్న: నడి వేసవి. పొద్దున ఏడింటి దాకా బాగానే పడతాయి, తర్వాత సాయంత్రం దాకా సున్నా. అందరూ లోతుకి వెళ్లమంటే 35 అడుగుల దాకా వెళ్లా, అక్కడా లేవు.

జవాబు: మరీ కిందకి వెళ్లిపోయారు. ఎండాకాలంలో లోతైన సరస్సు నీళ్లు పొరలుగా విడిపోతాయి, పైన వెచ్చటి పొర, కింద చల్లటి పొర, మధ్యలో ఉష్ణోగ్రత చటుక్కున పడిపోయే పొర, దాన్నే థర్మోక్లైన్ అంటారు. చాలా సరస్సుల్లో దాని కింద ఆక్సిజన్ అయిపోతుంది, అక్కడ చేప బతకదు. సోనార్ (నీళ్ల లోపలిది తెర మీద చూపించే పరికరం) సెన్సిటివిటీ పెంచితే తెర మీద అడ్డంగా మసక గీత కనిపిస్తుంది, అదే. అది 20 అడుగుల దగ్గరుంటే 35లో వెతకడం అంటే లేనింట్లో తలుపు కొట్టడమే. దానికి కాస్త పైన, 15, 18 అడుగుల్లో, నీళ్లలోకి పొడుచుకొచ్చిన గట్టు కొసలు, మునిగిన దిబ్బలు వెతకండి. కరోలినా రిగ్ వేయండి, ముప్పావు ఔన్సు వెయిట్, దాని వెనక స్వివెల్ (లైన్ మెలిపడకుండా తిరిగే చిన్న లంకె), రెండు మూడు అడుగుల లీడర్, చివర వార్మ్, అడుగున ఈడ్చుకుంటూ రండి. లేదా పెదవి పొడవుగా ఉన్న క్రాంక్‌బైట్, పెదవి ఎంత పొడవైతే అంత లోతుకి దిగుతుంది, అడుగుని గుద్దుకుంటూ పోవాలి.

పడవ లేకపోతే ఇవన్నీ వదిలేసి నీడ పట్టుకోండి. డాక్ కింద, దట్టమైన నాచు చాప కింద నడి మధ్యాహ్నం కూడా రెండడుగుల నీళ్లలో పెద్ద బాస్ ఉంటుంది. గాలి ఏ గట్టుకి కొడుతుందో ఆ గట్టు మీదకి వెళ్లండి, విసరడం కష్టమే, కానీ అలలు వెలుతురు విరగ్గొడతాయి, చిన్న చేపలు అటే చేరతాయి.

ప్రశ్న: బాస్ వరల్డ్ రికార్డ్ అమెరికాదా, జపాన్‌దా? పందెం కట్టాం.

జవాబు: ఇద్దరూ సగం సగం తీసుకోండి. 1932 జూన్ 2న జార్జియాలోని మాంట్‌గోమరీ లేక్‌లో జార్జ్ పెర్రీ పట్టింది 22 పౌండ్ల 4 ఔన్సులు. 2009 జూలై 2న జపాన్ బివా సరస్సులో మనాబు కురిటా పట్టింది దానికన్నా ఔన్సు లోపే ఎక్కువ. అంత బరువు చేపల్లో పాత రికార్డు కొట్టాలంటే కనీసం 2 ఔన్సులు ఎక్కువుండాలని రూలు, అందుకని ఇద్దరినీ సమానంగా రాశారు.

ప్రశ్న: వ్యాకీ రిగ్‌తో బాగా పడుతున్నాయి కానీ సగం చేపలు హుక్ గొంతు దాకా మింగేస్తున్నాయి. వదిలేద్దామని పట్టేవాణ్ణి, అవి చచ్చిపోతుంటే మనసు ఒప్పట్లేదు.

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. వార్మ్‌ని నడుం దగ్గర గుచ్చి రెండు వైపులా వేలాడేలా వదలడమే వ్యాకీ, అది పడేటప్పుడు రెండు కొసలూ వణుకుతాయి, బాస్ ఆగలేదు, అనుమానం లేకుండా మింగేస్తుంది. చిక్కల్లా ఏంటంటే బరువు ఉండదు కాబట్టి లైన్ వదులుగా ఉంటుంది, మీకు తెలిసేసరికి అది గొంతు దాటిపోతుంది. కాబట్టి దిగేటప్పుడు రాడ్ వైపు కాదు, లైన్ నీళ్లలోకి దిగే చోటు వైపు చూడండి, అది ఉలిక్కిపడినా, పక్కకి నడిచినా, దిగాల్సినంతసేపు దిగకుండా ఆగినా వెంటనే చుట్టి బిగించండి. ఫ్రాగ్‌కి చెప్పిన ఒకటి, రెండు లెక్క ఇక్కడ అస్సలు వద్దు. ముల్లు నొక్కేసిన హుక్కు వాడితే తీయడం సులువు. వార్మ్ నడుముకి చిన్న రబ్బరు రింగ్ వేసి దాని కింద హుక్ గుచ్చితే వార్మ్ కూడా ఎక్కువ కాలం వస్తుంది.

అయినా మింగితే, హుక్ కనపడుతూ ఉంటే పొడవాటి ముక్కు పట్టకారుతో తిప్పి తీయండి. కనపడనంత లోతులో ఉంటే, రక్తం వస్తుంటే, లాగొద్దు, లైన్ దగ్గరగా కత్తిరించి వదిలేయండి, గుంజి తీయడం కన్నా అదే దానికి బతికే అవకాశం ఇస్తుంది. చెయ్యి తడుపుకుని పట్టుకోండి, పొడిచెయ్యి దాని ఒంటి మీది జిగురు పొర తీసేస్తుంది. పెద్ద చేపని ఒక్క దవడ పట్టుకుని అడ్డంగా లేపి ఫోటో దిగొద్దు, ఆ బరువంతా దవడ మీద పడుతుంది, నిలువుగా పట్టుకోండి లేదా రెండో చెయ్యి పొట్ట కింద పెట్టండి. ఫోటో తీసేవాళ్లు ముందే రెడీగా ఉండాలి, చేప నీళ్లలోంచి బయటికొచ్చాక ఫోన్ లాక్ తీయడం మొదలుపెడతారు, నాకు ఒళ్లు మండేది అక్కడే. మీరు ఊపిరి బిగబట్టి చూడండి, మీకు కష్టమయ్యేలోపు అది నీళ్లలో ఉండాలి.